జెల్ల ముల్లూ, లావు తీగా

మా తాతగారి రోజుల్లో గాయకులు మా ఇంటికి వచ్చి పాడేవారు. నా రోజుల్లో, అంటే పందొమ్మిది వందల ముప్ఫైల్లో, నేనే ఫిడేలు పట్టుకుని ఒక గాయకుడి వెంట పడవెక్కాను. ఏలూరు నుంచి కొల్లేటి మీదుగా కలిదిండి పెళ్ళికి. అదే నా మొదటి కచేరీ. నా వాయిద్యం నచ్చితే ఇకపై తన పక్కన నన్నే కూర్చోబెట్టుకుంటానన్నారాయన. భూములు పోయిన మా ఇంటికి అప్పట్లో ఆ మాట తప్ప వేరే ఆధారం లేదు. అయినా నేను బతిమాలలేదు.

పడవవాడు బుట్టలో జెల్లచేపను చూపించి నవ్వాడు. "బాబుగారు ఇలాంటివి ముట్టుకోరు లెండి!"

మా వంశంలో అలాంటి మాట పడి ఊరుకున్నవాళ్ళు లేరు. పట్టుకున్నాను. ముల్లు ఎడమ చూపుడువేల్లో దిగింది. రేవు చేరేసరికి వేలు దొండపండులా తయారైంది.

పందిట్లో శ్రుతి చేస్తుంటే గాయకుడు చూడనే చూశారు.

"ఏవండీ, ఆ వేలు నొక్కుతుందా?"

"నొక్కదండీ. ఆనుతుంది."

"ఆనితే ఏం లాభమండీ?"

చిన్నప్పుడు మా అమ్మ "మళ్ళీ ఆ ఈలలేనా" అని విసుక్కున్న ఆట చూపించాను. లావు తీగకు సరిగ్గా సగంలో వేలు నొక్కకుండా ఆనించి కమాను లాగితే, ఆనినచోట తీగ కదలదు. అటూ ఇటూ రెండు ముక్కలుగా ఊగి పై షడ్జం పలుకుతుంది. మూడో వంతులో ఆనిస్తే ఆ పై పంచమం. ఐదో వంతులో ఇంకా పైన గాంధారం. కాస్త పక్కకు జరిగామా, గీరుడే.

"అంతర గాంధారం!" అన్నారాయన. "అయితే మోహన పాడతాను. అందులో గాంధారం ఇదే."

మిగతా వేళ్ళతో మామూలుగా నడిపించాను. ఆయన పైన గాంధారం మీద నిలిచినప్పుడల్లా వాచిన వేలు ఆనించాను. పిల్లంగోవి ఎవరిదని పెళ్ళికొడుకు మేనమామ చుట్టూ వెతికాడు. తర్వాత హుషారుగా, "ఖరహరప్రియ పాడండి!" అన్నాడు.

ఆ రాగంలో గాంధారం కిందికి ఉంటుంది. నా ఈలలో అది లేదు.

"పెళ్ళిపందిట్లో మోహనే శుభమండీ," అన్నారు గాయకుడు గంభీరంగా. అలాంటి శాస్త్రం ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు కూడా.

రేవు దగ్గర ఆయనే మాట కదిపారు. "తాడేపల్లిగూడెంలో కచేరీ ఉంది. వస్తారా?"

"పిలిస్తే వస్తాను," అన్నాను, నడుం నిటారుగా పెట్టి.

"పిలిచాను గదండీ. రైల్లో వెళ్దాం. దారిలో చేపలుండవు."