ఆయన కూర్చుంటే అది తోలే

మా పెదనాన్న పోయిన కబురు నాకు తాడేపల్లిగూడెంలో, ఏడో తరగతి పిల్లలకి భిన్నాలు చెబుతుండగా వచ్చింది. సెల్‌ఫోన్లు ఆఫీసు గదిలో వదిలి రావాలన్నది మా హెడ్మాస్టరు గారి నియమం. అటెండరు గుమ్మంలో నిలబడి, "మేడమ్, ఏలూరు నుంచి మీకు ఫోనండి. ఇది నాలుగోసారండి," అన్నాడు. ఆఫీసు గదికి పరిగెత్తాను. అవతల మా తమ్ముడు. పెదనాన్న ఇంట్లో గ్యాసు అంటుకుందనీ, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందనీ చెప్పాడు. నేను చేతిలో ఉన్న సుద్దముక్కతోనే రైలెక్కానని ఏలూరులో దిగాక గాని చూసుకోలేదు.

ఇంటి ముందు వీధంతా జనం. అందరి నోటా ఒకటే మాట. "వీధి చివర ఇస్త్రీ బండి దాకా వాసన కొట్టిందండి. ఎవరింట్లోనో లీకవుతోందని వెతుకుతున్నామండి, ఇంతలోనే ఢామ్మంది," అన్నారు ఎదురింటావిడ. పక్కనున్నాయన మెల్లగా అడిగాడు, "అంత వాసనలో ఆయన అగ్గిపుల్ల ఎలా గీశారండీ?" మర్నాడు సమాధుల తోటలో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక కూడా ఎవరో అదే ప్రశ్న వేశారు.

ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. పెట్టె మీద మట్టి పడేదాకా నోరు విప్పలేదు. ఈ నాలుగు మాటలూ ఆయన్ని తలుచుకోవడానికే రాస్తున్నాను గాని, ఆ జవాబు దాచి రాస్తే ఇది కూడా తోలని చెప్పి అమ్మే రెక్సినే అవుతుంది.

పెదనాన్న అంటే మా నాన్నకి అన్నగారు. ఏలూరులో రేకుల షెడ్డు వేసుకుని సోఫాలు బాగుచేసేవారు. మా తాత చెప్పులు కుట్టేవాడు. పెదనాన్న సైకిలు సీట్లతో మొదలుపెట్టి, బస్సు సీట్లు చేసి, ఆఖరికి సోఫాలకి వచ్చారు. దుమ్ము పడుతుందని షెడ్డు తలుపు దగ్గరగా వేసి, స్పాంజికి అతికించే సొల్యూషన్ పూస్తూ కూర్చునేవారు. నేను గుమ్మంలో నిలబడితేనే ఆ సొల్యూషన్ ఘాటుకి కళ్లు నీళ్లు కారేవి. "మీకు తల నొప్పెట్టదా?" అంటే, "మొదట్లో నొప్పెట్టేదమ్మా, ఇప్పుడు ఏమీ లేదు," అనేవారు. ఆ 'ఏమీ లేదు' అన్న మాటని నేను చాలా ఏళ్లు మామూలు మాటగానే విన్నాను.

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు కలిసొచ్చిన వాళ్లంతా మేడలు కట్టి, ముందు గదిలోకి తోలు సోఫా కావాలనుకోవడం మొదలుపెట్టిన రోజులవి. తోలుతో పాటు తోలులాంటివీ వచ్చేశాయి. తేడా ఎవరికి తెలుసు? అందుకని సోఫా కొనడానికి వెళ్లేవాళ్లు పెదనాన్నని వెంట తీసుకెళ్లేవారు, పెళ్లి మాటలకి పెద్దమనిషిని తీసుకెళ్లినట్టు.

ఆయన పద్ధతి చూసి తీరాలి. షాపు గుమ్మంలో చెప్పులు విడిచేవారు, ఎవరూ విడవమనకపోయినా. సేల్స్‌మన్ చెప్పేదంతా చేతులు వెనక్కి కట్టుకుని వినేవారు. తర్వాత సోఫాని బోర్లా తిప్పించేవారు. "ముఖం ఎవరైనా కడుక్కుని వస్తారమ్మా, అరికాళ్లు చూడాలి," అనేవారు. అడుగున కప్పిన గుడ్డ అంచు ఎత్తి, మడిచి పిన్నులు కొట్టిన చోట వేలితో గీరేవారు. తోలయితే లోపలివైపు పీచు పీచుగా తగులుతుంది, రెక్సిన్ అయితే అల్లిన గుడ్డ బయటపడుతుంది. సీటు మీద బొటనవేలు నొక్కితే తోలు మన ఒంటి చర్మంలాగే చుట్టూ సన్నటి ముడతలు పడుతుంది, రెక్సిన్ ఊరికే గుంటపడి లేస్తుంది. పైనున్న రంధ్రాలు వరసగా, ఒకే తీరుగా ఉన్నాయంటే అచ్చు గుద్దారన్నమాట. "ఒక్క మచ్చ లేదండి, ఎంత బాగుందో," అని మురిసిపోయేవాళ్లతో, "ముల్లు గీరని పశువు ఎక్కడుందండీ," అనేవారు నవ్వుతూ. వీపూ పక్కలూ విడిగా చూసేవారు, ఎందుకంటే కూర్చునే చోట మాత్రం తోలు వేసి మిగతాదంతా రెక్సిన్‌తో కప్పే సోఫాలే ఎక్కువ. అన్నీ అయ్యాక వంగి, ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చేవారు.

తోలయితే అందులో కూర్చునేవారు. కాకపోతే నిలబడే ఉండి, చెప్పులు వేసుకుని బయటికి నడిచేవారు. షాపువాళ్ల పరువు షాపులో తీయకూడదని నోటితో ఏమీ అనేవారు కాదు. కొన్నాళ్లకి జనం సోఫాని చూడటం మానేసి ఆయన్ని చూడటం నేర్చుకున్నారు. "ఆయన కూర్చున్నారా?" అని అడిగేవారు, అంతే.

ఎందుకలాగ అని ఒకసారి అడిగాను. "మీ తాతని ఏ కొట్టువాడూ గుమ్మం దాటి రానివ్వలేదమ్మా. చెప్పులు బయట మెట్టు మీద పెట్టి పోవాల్సిందే. అదే తోలు ఇప్పుడు హాల్లో పెట్టుకుని, నన్ను పిలిచి కూర్చోమంటున్నారు. ఊరికే కూర్చుంటానా?" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. నాకే వచ్చింది.

పెదపాడు దగ్గర చేపల చెరువులున్న రైతు ఒకాయన తాడేపల్లిగూడెంలో సోఫా కొన్నప్పుడు, షాపు మా స్కూలు దారిలోనే కాబట్టి నేనూ వెళ్లాను. పెదనాన్న అన్నీ చూశారు. అడుగున పీచు తగిలింది. ముడత పడింది. వంగి వాసన చూశారు, కూర్చున్నారు. నేను సీటు మీద చెయ్యి వేసి వంగితే కొత్త వానకోటు వాసన గుప్పుమంది. అంతటి మనిషి కూర్చున్నాక లెక్కల టీచరుని నాకేం తెలుసని ఊరుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అక్కడే మొదలయింది.

రెండు వానాకాలాలు గడిచాయి. ఆ రైతు షెడ్డుకి వచ్చాడు. గొడవ పెట్టుకోలేదు. రుమాలు విప్పి, అరచేయంత పొలుసు ఒకటి బల్ల మీద పెట్టాడు. "సోఫా అంతా ఇలాగే ఊడిపోతోందండి. మీరు కూర్చున్నారు కదండీ," అన్నాడు. గొడవ పడి ఉంటేనే నయం. పెదనాన్న ఆ పొలుసుని తిప్పి చూశారు. తోలు పొట్టుని జిగురుతో కలిపి గుడ్డ మీద పరిచిన సరుకు అది. వేలికి పీచు తగిలిందంటే ఆ పొట్టు వల్లే. దాన్ని పట్టించేది వాసన ఒక్కటే.

సోఫా చూడటానికి పెదనాన్నా నేనూ పెదపాడు వెళ్లాం. దాన్ని షెడ్డుకి తెప్పించి తనే మళ్లీ అసలు తోలు వేసి ఇస్తానని పెదనాన్న ఆ రైతుకి మాటిచ్చారు, తర్వాత ఆ మాట నిలబెట్టుకున్నారు. తిరిగి వస్తుంటే చెరువుగట్ల మధ్య బస్సు ఆగిపోయింది. ఎండ మండుతోంది. పక్క చెరువులో చేపలన్నీ చచ్చి, తెల్లటి పొట్టలు పైకి పెట్టి గట్టుదాకా తేలుతున్నాయి. బస్సులో అందరూ కొంగులూ తువ్వాళ్లూ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఒక పసిబిడ్డ వాంతి చేసుకుంది. పెదనాన్న నా పక్క సీట్లో కూర్చుని, పొట్లంలోంచి మిరపకాయ బజ్జీ తీసి తింటున్నారు.

"పెదనాన్నా, వాసన రావట్లేదా?" అన్నాను.

"ఏం వాసన?" అని తలెత్తారు. బస్సంతా ఒకసారి కలయజూశారు. ఆ తర్వాత బజ్జీ పొట్లం మెల్లగా మడిచి, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నారు. ఆ రుమాలు చూసి నేను పడ్డ భయం చచ్చిన చేపల్ని చూసి పడలేదు.

ఏలూరు బస్టాండులో దిగాక అన్నారు, "ఎవరికీ చెప్పకమ్మా. మీ పెద్దమ్మకి కూడా. ముక్కు పోయిందని తెలిస్తే మళ్లీ మెట్టు మీద నిలబెడతారు." నేను చెప్పనని మాటిచ్చాను.

ఊరుకోవడంతో ఆగానా అంటే, లేదు. ఆ రోజు నుంచీ ఆయనకి ముక్కునయ్యాను. ఆదివారం ఆరాధన అయ్యాకో, రెండో శనివారమో ఇద్దరం షాపులకి వెళ్లేవాళ్లం. ముందు నేను వంగి చూసేదాన్ని. తోలయితే ఊరుకునేదాన్ని. వానకోటు వాసనయితే చిన్నగా దగ్గేదాన్ని. ఆ తర్వాత ఆయన కళ్లు మూసుకుని గాలి పీల్చేవారు, అచ్చం మునుపటిలాగే. ఒక్క సోఫా తప్పలేదు. నాకు సరదాగా కూడా ఉండేది, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. "నువ్వు టీచరువి కావడం వల్ల నా కొట్టుకి నష్టమమ్మా," అని ఆటపట్టించేవారు.

ఈలోగా ఇంట్లోనూ షెడ్డులోనూ జరిగేవి జరుగుతూనే ఉన్నాయి. స్పాంజి షీట్ల కింద ఎలుక చచ్చి, వచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి పోతుంటే, ఆయన లోపల కూర్చుని క్యారియరు విప్పి భోంచేస్తున్నారు. ఇంకోరోజు నేను వెళ్లేసరికి వంటింట్లో పాలగిన్నె నల్లగా మాడిపోయి ఉంది. ఆయన ముందుగదిలో పేపరు చదువుకుంటున్నారు. నేనే పరిగెత్తి స్టవ్ కట్టేశాను. "పాలు మాడిపోయాయి పెదనాన్నా," అంటే, "పొగ ఇటు వచ్చుంటే తెలిసేదమ్మా," అన్నారు. చెమటలు పట్టాయి నాకు. పట్టి ఏం లాభం? పెద్దమ్మ బజారు నుంచి వచ్చేలోగా ఆ గిన్నె పీచుతో తోమి, కడిగి, బోర్లించాను. సోఫాల దగ్గర ఆయనకి ముక్కు నేనున్నాను. ఇంట్లో ఎవరున్నారని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆయన పోయిన రోజు పెద్దమ్మ స్త్రీల కూడికకని చర్చి వాళ్లతో వ్యానులో నల్లజర్ల వెళ్లింది. వాన వల్ల కిటికీలు మూసి ఉన్నాయి. గ్యాసు ట్యూబు పగిలిందని తర్వాత వచ్చినవాళ్లు చెప్పారు. పదిగంటలకి టీ తాగడం ఆయన అలవాటు.

మీలో ఎవరైనా తోలు సోఫా కొనబోతుంటే పైన రాసినవన్నీ చూసుకోండి. ఆయన నేర్పినవే, తప్పు కావు. పెద్దవాళ్లెవరినైనా వెంట తీసుకెళ్తే, వాళ్ల చేతుల్నే కాదు, వాళ్లనీ కాస్త కనిపెట్టి చూడండి. నేను ఇవ్వగలిగిన సలహా అదొక్కటే.

జ్ఞాపకార్థ కూడిక అయిపోయి అందరూ వెళ్లాక, మా ఇంటి వరండాలో పెద్దమ్మా నేనూ మిగిలాం. ఇక మోయలేక చెప్పేశాను. చేపల చెరువు దగ్గర తెలిసిన సంగతీ, ఇచ్చిన మాటా, తోమిన గిన్నే, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

పెద్దమ్మ అంది, "నాకు నీకంటే ముందే తెలుసమ్మా. గుమ్మంలో అడుగుపెడుతూనే ఏం కూరో చెప్పే మనిషమ్మా ఆయన. ఒకరోజు, 'ఏం కూర?' అని అడిగారు. రెండోరోజూ అడిగారు. మూడోరోజుకి నాకు తెలిసిపోయింది. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటారని."

"మరి..." అన్నాను.

"ఆ గిన్నె మాడిన వాసన నాకూ తగిలింది. అప్పట్నుంచీ గుమ్మం దాటాలంటే సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేసి వెళ్లేదాన్ని. నేనొచ్చి టీ పెడతానండీ, మీరు స్టవ్ జోలికి వెళ్లకండీ అనేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్కరోజు మర్చిపోలేదు. ఆ రోజు వానలో వ్యాను వచ్చి హారన్ కొడుతోంది. అందరూ ఎక్కేశారు, నాకోసమే ఆగారు. గొడుగు తీశాను. బైబిలు తీశాను. వంటింట్లోకి వెళ్లాను, అదీ గుర్తుంది." అక్కడ ఆగిపోయింది. "కట్టానో లేదో గుర్తు రావట్లేదమ్మా."

చుట్టూ చీకటి పడుతోంది, లైటు వెయ్యడానికి కూడా నేను లేవలేదు. పెద్దమ్మ కుర్చీలో ముందుకి వంగి, కుడిచేతి వేళ్లు గుండ్రంగా ముడిచి, గాలిలో దేన్నో పట్టుకున్నట్టు పట్టుకుని కుడివైపుకి తిప్పింది. ఆగి, చేతివైపు చూసుకుంది. మళ్లీ తిప్పింది.