మా బోరు నీళ్ళ మీద సాక్ష్యాలు

ఆ రోజుల్లో నా తెలివితేటల మీద నాకు ఏ అనుమానమూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో డిగ్రీ, ఢిల్లీ మయూర్ విహార్‌లో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో తొలి ఉద్యోగం (హోదా ప్రోగ్రామ్ అసిస్టెంట్, చేసే పని జిరాక్సులు తీయడం), మెడలో ఐడెంటిటీ కార్డు. ఆ కార్డును మెట్రోలోనే కాదు, ఇంటికొచ్చి అన్నం తినేటప్పుడు కూడా తీసేవాణ్ణి కాదు. పప్పు మరకలు పడి అందులో నా ఫొటో సగం కనిపించకుండా పోయింది. లోకంలో మిగిలిన కష్టాలన్నీ ఎవరో ఒకరు సరైన ఫారం సరైన ఇంగ్లీషులో నింపకపోవడం వల్లే మిగిలాయని ఆ వయసులో నా గట్టి నమ్మకం. ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే ముందు ఆ కార్డు తీయించి, ఆ తర్వాతే మాట్లాడతాను.

మేముండేది ఇందిరాపురం దాటాక, నలభై ఇళ్ళ చిన్న కాలనీలో. దాదాపు అందరం కోస్తా నుంచి వచ్చినవాళ్ళమే, అందరి ఇళ్ళలోనూ ఆస్పత్రి ఉద్యోగాలే. ఆంటీలను వాళ్ళు పనిచేసే వార్డుల పేర్లతోనే పిలిచేవాళ్ళం. మా పక్కింటావిడ ఐసీయూ ఆంటీ, ఎదురింటాయన ల్యాబ్ అంకుల్. మా అమ్మ కూడా నర్సే (ఆవిడ వెనకాల పిల్లలు ఆవిణ్ణి ఇంజెక్షన్ ఆంటీ అనేవాళ్ళని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది). కార్పొరేషన్ పైపు మా దాకా రాలేదు. కాలనీకంతా ఒక బోరు, ఒక ట్యాంకు. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉండేవి. అందులో ఫ్లోరైడు ఎక్కువగా ఉందని ల్యాబ్ అంకుల్ పరీక్ష చేయించి కాగితం తెచ్చేదాకా, పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చాయనే అందరం తిట్టేవాళ్ళం.

అలా తిట్లు తిన్నవాళ్ళలో మా చెల్లి మొదటిది. నేను పద్నాలుగేళ్ళ దాకా అమ్మమ్మ దగ్గర బాపట్ల పక్కన పెరిగాను కాబట్టి నా పళ్ళు తెల్లగా ఉండేవి. అది ఇక్కడే పుట్టింది, పుట్టినప్పటి నుంచీ ఈ నీళ్ళే తాగింది. అప్పటికి ఎనిమిదో తరగతి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది, స్కూలు ఫొటోల్లో పెదాలు బిగించి నిలబడేది. ఆ ఫొటోలు చూస్తే అది ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుండేది. నిజంగానే ఉందేమో, ఎవరూ అడగలేదు.

చిన్న చిన్న బస్తీలు, కాలనీలు తమ తాగునీళ్ళలోని హానికరమైనవి తొలగించుకోవడానికి ఒక ట్రస్టు గ్రాంటు ఇస్తోందన్న కాగితం ఒకరోజు జిరాక్సు మిషన్ దగ్గర నా చేతికి వచ్చింది. నిలబడ్డ చోటే చదివాను. అక్షరం అక్షరం మా కాలనీ గురించే రాసినట్టుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా చెల్లిని కూర్చోబెట్టి, ఒక మహానాయకుడి ధోరణిలో ప్రకటించాను.

"చూడు, ఈ గ్రాంటు రానీ. ఫిల్టర్ ప్లాంటు పెట్టిస్తా. ఆరు నెలల్లో నీ పళ్ళు నా పళ్ళలా అయిపోతాయి."

అది నావైపు కాసేపు చూసి, "సచ్చీ, భయ్యా?" అంది. మా చెల్లికి తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎక్కువగా హిందీలోనే వస్తుంది.

"ప్రామిస్," అన్నాను.

"ఠీక్ హై. తో ఫారం భరో," అని, నింపమన్నట్టు చెయ్యూపి, పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయింది. అంత నమ్మకమా నా మీద అని నాకు కళ్ళు చెమర్చాయి.

మూడు వారాలు రాశాను ఆ దరఖాస్తు. ఇందులో నేను చేసిన ఒక పని గురించి చెప్పాలి, సిగ్గుగానే చెబుతున్నాను. ఫారంతోపాటు 'సమస్య తీవ్రతను చూపే ఫొటో' అడిగారు. పిల్లల్ని నోరు తెరవమంటే ఎవరూ తెరవలేదు. మా చెల్లి పుట్టినరోజున ఎవరో దాని ముక్కుకి కేకు పూసినప్పుడు, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి విరగబడి నవ్విన ఫొటో ఒకటి నా ఫోన్‌లో ఉంది. దాన్ని నోటి దాకా కత్తిరించి, పెద్దది చేసి, రంగుల్లో ప్రింటు తీసి జతపరిచాను. చెల్లిని అడగలేదు. మంచి పని కోసమే కదా, అడగడమెందుకు అనుకున్నాను.

రెండు నెలలకు ట్రస్టు నుంచి ఫోనొచ్చింది, పరిశీలనకు మనిషిని పంపుతామని. షరతు ఒకటే. కష్టమేమిటో అక్కడుండే జనమే చెప్పాలి, దరఖాస్తు రాసినవాడు మధ్యలో నోరెత్తకూడదు. మాకోసమని ఏరి మరీ తెలుగాయన్నే పంపారు. నీళ్ళ శాఖలో రిటైరైన ఇంజనీరు, కరీంనగర్ వైపు మనిషి. ఆయనకు తెలుగు వచ్చు కాబట్టి అనువాదం పేరుతో నేను సొంత కవిత్వం కలిపే అవకాశం కూడా పోయింది.

మా నర్సులందరూ ఒకచోట దొరికేది ఆదివారం ఒక్కరోజే, అదీ చర్చిలో ఆరాధన అయ్యాక. అందుకని ఇంజనీరు గారిని పన్నెండింటికి రమ్మన్నాను. ముందురోజు సాయంత్రం మా ఇంట్లో అందరికీ రిహార్సల్స్ వేయించాను. ఐసీయూ ఆంటీ మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది. ల్యాబ్ అంకుల్ రిపోర్టు చదివితే భయమేసింది. అంతా సిద్ధమనుకుని హాయిగా నిద్రపోయాను.

ఇంజనీరు గారు పదకొండింటికే వచ్చేశారు. రిటైరైనవాళ్ళు గంట ముందు వస్తారన్న సంగతి నా ప్రణాళికలో లేదు. మా చర్చి అంటే మూడో అంతస్తులో రేకుల కప్పున్న హాలు. ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేసరికి పాటలు అయిపోయాయి. ఐసీయూ ఆంటీ గబగబా వెళ్ళి, అతిథులకని కొని దాచిన క్యాను నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన తాగి, "నీళ్ళు మంచిగనే ఉన్నయి గదా," అని నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు. అవి బోరు నీళ్ళు కావని చెబుదామంటే నేను నోరెత్తకూడదు. మా పాస్టరు గారు మర్యాదస్థులు. వచ్చిన పెద్దమనిషిని పడిగాపులు కాయించడం బాగుండదనుకుని ప్రకటించారు.

"ఇది సాక్ష్యాల సమయం. మన బోరు నీళ్ళ విషయం వినడానికి అయ్యగారు వచ్చారు. దాని గురించి చెప్పదలుచుకున్నవాళ్ళు లేచి చెప్పండి."

చర్చిలో సాక్ష్యమంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. లేచి నిలబడి, ఈ వారమంతా దేవుడు మనల్ని ఎలా కాపాడాడో చెప్పి స్తోత్రం చెల్లించడం. ఫిర్యాదుకు అందులో చోటు లేదు. కాలు విరిగినవాడు కూడా రెండోది విరగలేదని స్తోత్రం చెప్పి కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి అలా అలవాటు పడ్డ నోళ్ళవి. ముందుగా ఐసీయూ ఆంటీ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచింది.

"అందరికీ వందనాలు. పదిహేనేళ్ళ నుంచి ఈ బోరు నీళ్ళే తాగుతున్నామండి. ఇంతవరకూ ఏ హానీ రానివ్వకుండా ప్రభువు కాపాడాడు. దేవునికే స్తోత్రం."

"స్తోత్రం!" అంది హాలంతా. ఇంజనీరు గారు రాసుకున్నారు. నేను నోరెత్తకూడదు కదా, ఆంటీకి కళ్ళతో సైగలు చేశాను. ఆవిడ నాకు కూడా ఆశీర్వాదంగా తలూపింది. తర్వాత ల్యాబ్ అంకుల్ లేచాడు. కనీసం సైన్సు తెలిసినవాడైనా ఆదుకుంటాడని ఆశపడ్డాను.

"రిపోర్టు చూసినప్పుడు భయమేసిన మాట నిజమే. కానీ ఫ్లోరైడు ఎంత ఎక్కువున్నా, మన దేవుడు అంతకన్నా ఎక్కువే అని ధైర్యం తెచ్చుకున్నాను."

ఆ మాటకు చప్పట్లు కూడా పడ్డాయి. ఆ తర్వాత వరస ఆగలేదు. ఒకరికి కిడ్నీలో రాయి దానంతటదే పోయింది, ఒకరికి ఈ నీళ్ళతోనే కవలలు పుట్టారు. చివరికి మా అమ్మ లేచి, "నా పిల్లలిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు, అంతకన్నా ఏం కావాలి," అని కళ్ళు తుడుచుకుంది. ఆవిడ పక్కనే మా చెల్లి చేత్తో నోరు మూసుకుని కూర్చుని ఉంది. ఇంజనీరు గారు పెన్ను మూత పెట్టి, ఫైలు చంకలో పెట్టుకుని, గుమ్మం దగ్గర చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. నేను వెనకాలే వెళ్ళాను, నోరెత్తకుండా. నా మూడు వారాల ఇంగ్లీషు, నేను చెల్లికిచ్చిన మాట, అన్నీ ఆయన చెప్పులతోపాటు మెట్లు దిగిపోబోతున్నాయి.

అప్పుడు వెనకనుంచి పాస్టరు గారి గొంతు వినిపించింది. "ఇప్పుడు ప్రార్థన మనవులు. ఎవరికే అవసరత ఉన్నా చెప్పండి, అందరం కలిసి ప్రార్థిద్దాం."

మొదట లేచింది మళ్ళీ ఐసీయూ ఆంటీనే. "నా మోకాళ్ళ కోసం ప్రార్థించండి పాస్టరు గారూ. ఈ పాడు నీళ్ళ వల్ల మెట్లెక్కలేక చచ్చిపోతున్నా. ఆరాధనకు రావాలంటే మూడంతస్తులు దేకాల్సి వస్తంది!"

"మా బుడ్డోడి పళ్ళ గురించి ప్రార్థించండి. క్లాసులో ఎక్కిరిస్తన్నారంట, స్కూలుకి పోనని ఒకటే ఏడుపు," అంది వెనక వరసలో ఒకావిడ.

"ఈ బోరు మార్చే మార్గం చూపించమని ప్రార్థించండి," అన్నాడు ల్యాబ్ అంకుల్, ఫ్లోరైడు లెక్క దశాంశాలతో సహా చదివి మరీ.

ఇంజనీరు గారు ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో కాలు గాల్లో ఉంచి ఆగిపోయారు. తర్వాత ఆ చెప్పు కూడా విప్పి లోపలికొచ్చారు. "ఏమ్మా, గిప్పుడే గదా ఏం హాని లేదంటివి? మల్ల ఇదేంది?"

ఐసీయూ ఆంటీ ఆయన్ని జాలిగా చూసింది. "అది సాక్ష్యమండీ. ఇది మనవి. రెండూ ఒకటెలా అవుతాయండీ?"

ఆయన పెన్ను మూత తీశారు. అరగంటలో నాలుగు పేజీలు నిండాయి. నేను ముందురోజు నేర్పించినవాటికి మూడింతలు చెప్పారు, నేను రాసిన ఇంగ్లీషు కన్నా వందరెట్లు బాగా చెప్పారు. నా ఛాతీ ఉబ్బుతున్న సమయంలోనే ఇంజనీరు గారు ఫైలు తిప్పుతూ ఆ ఫొటో దగ్గర ఆగి, అందరికీ కనబడేలా పైకెత్తారు. "ఈ నోరు ఎవరిదమ్మా?"

ఆ నోరు ఎవరిదో నలభై ఇళ్ళకూ తెలుసు. మా చెల్లి ముఖం ఎర్రబడింది, నావైపు చూసింది. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాదు. అది మెల్లగా లేచి నిలబడింది.

"మేరీ హై, అంకుల్. భయ్యా నే బినా పూఛే లగా దీ," అంది, నన్ను అడక్కుండానే పెట్టేశాడని. ఆ తర్వాత పాస్టరు గారి వైపు తిరిగి, అందరికీ అర్థం కావాలని కాబోలు, స్వచ్ఛమైన తెలుగులో అంది. "నాదీ ఒక మనవి ఉంది. మా అన్నయ్యకి బుద్ధి రావాలని అందరూ ప్రార్థించండి."

చెయ్యి అడ్డం లేకుండా, పళ్ళన్నీ కనిపించేలా చెప్పింది. "ఆమేన్!" అన్నారు జనం. ఆ రేకుల కప్పు అంతలా మోగడం నేను అంతకుముందు ఏ క్రిస్మస్‌కీ వినలేదు. అందరికన్నా గట్టిగా అన్నది మా అమ్మ. ఇంజనీరు గారు కూడా అన్నారు, ఆయన మా మతం కాకపోయినా.

గ్రాంటు వచ్చింది. ప్లాంటు పెట్టారు. (కొత్త నీళ్ళతో టీ చప్పగా ఉందని మరుసటి నెలలోనే మనవులు మొదలయ్యాయి, అది వేరే కథ.) మా చెల్లి నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక నేను దానికి కొత్త శిక్ష కనిపెట్టాను. రోజూ పొద్దున్నే ఫిల్టరు నీళ్ళు తాగించి, కిటికీ దగ్గర నిలబెట్టి పళ్ళు పరీక్షించేవాణ్ణి. ఆరు నెలలు గడిచాయి, ఏమీ మారలేదు. నీళ్ళలో లోపముందని ఇంజనీరు గారికి ఘాటైన ఇంగ్లీషులో ఉత్తరం రాయబోతుంటే అమ్మ ఆపి, ముందు పళ్ళ డాక్టరుకు చూపించమంది. ఆ మచ్చలు పళ్ళు తయారయ్యేటప్పుడే పడ్డాయని, ఇప్పుడు ఏ నీళ్ళు తాగినా పోవని, పసిపిల్లలకు, ఇక ముందు పుట్టేవాళ్ళకు మాత్రం రావని ఆ డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పేశారు.

తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కాం. మా చెల్లి దారిలో కొన్న మొక్కజొన్న కండె తింటూ తాపీగా ఉంది. చివరికి నేనే అన్నాను.

"సారీ రా. నాకు తెలీదు."

"ముఝే పతా థా. సైన్సు టీచర్‌ని అడిగా. నువ్వు ఫారం తెచ్చినప్పటికే తెలుసు."

"తెలిస్తే అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

అది కండె పక్కన పెట్టి నావైపు తిరిగింది. "చెప్తే నువ్వు ఫారం నింపేవాడివా, భయ్యా? పక్కింటి బుడ్డోళ్ళ కోసం?"

"నింపేవాణ్ణే," అన్నాను గట్టిగా, ఆటోవాడు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా. అది మళ్ళీ కండె అందుకుంది. ఆ కాలనీలో అందరికన్నా తెలివైనవాణ్ణి నేనేనని ఆ సాయంత్రం దాకా నమ్మిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. ఆ ఆటోలో చెప్పింది అబద్ధమని ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది. మొన్న దానికి ఫోన్ చేసి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, "నింపేవాణ్ణి కాదే," అన్నాను.

దేని గురించి అని కూడా అడగలేదు అది. "పతా హై, భయ్యా," అంది.