మల్లేశ్ గారి తెల్లరంగు

కరోనా రెండో వేవ్ సద్దుమణిగిన ఏడాది జూలైలో, పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఆర్ట్ థెరపీ బాధ్యత నాకు అప్పగించారు. హోదా సీనియర్ సైకాలజిస్ట్. చేతికొచ్చింది మాత్రం స్టోర్ రూమ్ పక్కన చిన్న గది, రెండు బల్లలు, స్కూలు పిల్లల పోస్టర్ కలర్లు. ఆ గదంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

మా పద్ధతి చూడ్డానికి సులువుగానే ఉంటుంది. ఏం వెయ్యాలో రోగికి చెప్పకూడదు, వేసింది బాగుందనీ అనకూడదు. మాటల్లో రాని దుఃఖం రంగుల్లోనైనా బయటపడుతుందని మా ఆశ. ప్రతి సెషన్‌కూ కొత్త షీటు ఇచ్చి, పాతదాని మీద తేదీ వేసి ఫైల్లో పెట్టాలి. ఈ చివరి నియమం నేను పెట్టిందే. దానిమీద కాస్త గర్వం కూడా ఉండేది.

మల్లేశ్ గారు అమీర్‌పేటలో సైన్‌బోర్డు పెయింటర్. ఫ్లెక్సీలు రాకముందు అక్కడి కోచింగ్ సెంటర్ల బోర్డులు చాలావరకు ఆయనా, స్నేహితుడు యాదగిరీ కలిసి రాసినవే. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సు దిగి, ఆ ఎర్రటి, పచ్చటి అక్షరాలు చదువుకుంటూ నడిచేదాన్ని. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. యాదగిరి కరోనాతో పోయారు. కడచూపు కూడా దక్కలేదు. అప్పటినుంచి మూడు నెలలుగా మల్లేశ్ గారు నోరు విప్పలేదు. మందులు వాడుతున్నా మార్పు లేదు. నా నివేదిక చూసి, వార్డులో చేర్చుకోవాలో లేదో తేలుస్తానని మా పెద్ద డాక్టరుగారు చెప్పారు. వార్డు మాట వినగానే మల్లేశ్ గారి భార్య సుగుణ గారు బెదిరిపోయారు.

మొదటి వారం ఆయన షీటంతా తెల్లరంగు పూశారు. రెండో వారమూ అంతే, మూడో వారమూ అంతే. తనను తాను చెరిపేసుకుంటున్నారని మహా తెలివిగా రాసి, చేర్చుకోవడమే మంచిదని సిఫారసు చేశాను. ఆ సాయంత్రమే సుగుణ గారికి ఫైలు చూపించాను. ఆమె నన్ను ఎగాదిగా చూశారు.

"అది ప్రైమర్ మేడం. బోర్డుకు ముందుగాల తెల్లది కొడ్తరు. ఆరినంక ఇంకో కోటు. గప్పుడు రాస్తరు. మీరేమో మళ్ల మళ్ల కొత్తది ఇస్తున్నరు, ఆయనేం రాస్తడు?"

సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరుగారి దగ్గర నుంచి నివేదిక వెనక్కి తెచ్చుకుని, వారం గడువు అడిగాను.

నాలుగో వారం పాత షీటే బల్లమీద పెట్టాను. ఆయన వేలితో తడిమి చూసి, ఇంకో కోటు వేసి, ఆరేదాకా కదలకుండా కూర్చున్నారు. తర్వాత స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీతలు కొట్టి, సన్నటి ఎర్రగీతతో యాదగిరి పేరు పెద్ద అక్షరాల్లో గీశారు. లోపల ఖాళీ. కుంచె కింద పెట్టేశారు.

లోపల రంగు నింపరా అని అడిగాను. అలా అడగడం మా పద్ధతికి విరుద్ధం.

"నింపేది వాడు మేడం," అన్నారు. "నేను గీస్తే వాడు నింపుతుండె."

బల్లమీద తల ఆన్చి ఏడ్చారు. నా కళ్ళూ నిండాయి.

వార్డు అవసరం రాలేదు. ఆ తర్వాత ఏ రోగికైనా కుంచె ఇచ్చేముందు, ఏ పని చేసి బతికారో ఇంట్లోవాళ్ళను అడిగి కేస్ షీటు మొదటి వరుసలో రాసేదాన్ని. నా వ్యాఖ్యానానికి చివరి వరుస చాలు. మల్లేశ్ గారు మరో అయిదు నెలలు వచ్చారు. మాట్లాడారు, ఎన్నో బొమ్మలు వేశారు. ఆ పేరు మాత్రం నింపలేదు. నింపమని నేను మళ్ళీ అడగలేదు.