ఎల్లమ్మకు అందని కబురు

1999 ఫిబ్రవరి 13, శనివారం, ఉదయం పదకొండూ ఇరవై. నేను మోస్తున్న బరువు ఆ నిమిషాన నా మీదికి వచ్చింది. నెత్తికెత్తుకున్నది నేనే. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్లు. కర్నూలు జిల్లాలో పాతికేళ్లు లెక్కల టీచరుగా చేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుని, లింగంపల్లిలో ఇల్లు కట్టుకుని, సాయంత్రం కాలేజీలో లా చేరాను. రెండో ఏడాదిలో ఒక అవకాశం వచ్చింది. శేరిలింగంపల్లిలో ప్రతి శనివారం ఉచిత న్యాయ సలహా కేంద్రం తెరుస్తారు. విద్యార్థులం అక్కడ కూర్చుని, వచ్చినవాళ్ల గోడు విని రాసిపెట్టాలి. దాన్ని నడిపే లాయరమ్మ మొదటి రోజే చెప్పింది, పదిమందికీ పనికొచ్చే కేసు ఎవరు పట్టుకొచ్చినా ప్రజా ప్రయోజన వ్యాజ్యంగా హైకోర్టులో వేస్తాననీ, పునాది పని చేసిన విద్యార్థిని తన పక్కన నిలబెట్టుకుంటాననీ.

పక్కన నిలబడటం. హైకోర్టులో. నాకు ఇరవయ్యేళ్లు వచ్చినట్టయింది. బస్సెక్కి మాదాపూర్ వైపు వెళుతుంటే గుండె ముందే పరిగెత్తేది. నిన్న బండరాళ్లున్న చోట ఇవాళ పునాదులు, నాలుగు నెలలు తిరిగేసరికి అంతస్తులు, వాటికి అద్దాలు. అంతా కొత్తగా మొదలవుతోంది, నేను కూడా మొదలవుతున్నాను అనుకునేదాన్ని. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటోంది. సిగ్గుపడాల్సిన చోట ఈ ఉత్సాహం ఏమిటి? కానీ తప్పు చేయించింది అదే. దాన్ని దాచి మిగతాది చెబితే సగమే చెప్పినట్టు.

ఫిబ్రవరి 3న అలాంటి ఒక భవనం మూడో అంతస్తు నుంచి బాలయ్య పడ్డాడు. పాలమూరు నుంచి వచ్చిన తాపీ పనివాడు. కింద వల లేదు. నడుముకు తాడు లేదు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. సర్కారు దవాఖానలో పడుకోబెట్టారు. ఆపరేషన్ చేయాలి, వరుస రావాలి అన్నారు. అదే చోట ఇటుకలు మోసే అతని భార్య ఎల్లమ్మ 6వ తేదీ శనివారం మా కేంద్రానికి వచ్చింది. నన్ను చూసి, "గింత పెద్దదానివి, ఇప్పుడు సదువుడేంది అక్కా? పిల్లలు నవ్వుతలేరా?" అంది. నవ్వుతున్నారన్నాను. ఆ బాధలోనూ నవ్వింది.

నేను రాస్తూనే ఉన్నాను. వల లేని భవనాలు ఇంకా ఎన్ని? వారమంతా తిరిగి పదకొండు చూశాను. లాయరమ్మ కాగితాలు తిరగేసి, "ఇది కేసు" అంది. ఆ సాయంత్రం అన్నం సహించలేదు, సంతోషంతో.

తరవాతి శనివారం, మొదట్లో చెప్పిన ఆ పదకొండూ ఇరవైకి, కాంట్రాక్టరు దగ్గరి సూపర్‌వైజరు వచ్చాడు. కేంద్రంలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"మా సార్ పంపిండు మేడం. బాలయ్యను ఇయ్యాల్నే ప్రైవేటు దవాఖానకు తీస్కపోతం. ఆపరేషన్ మేం చేయిస్తం. బాగైనంక అదే బిల్డింగుకు వాచ్‌మన్, కింద ఉండనీకి అర్ర. ఆయన పేరు మీద కోర్టు గీర్టు మాత్రం వద్దు. ఎల్లమ్మ మమ్మల్ని దగ్గరికి రానిస్తలేదు, ఏదున్నా అక్కకే చెప్పున్రి అంటున్నది. జర మీరు చెప్పున్రి."

"వాళ్లు ఒప్పుకోరు," అన్నాను.

"అడగకనే చెప్తున్రు?"

"కోర్టులోనే తేల్చుకుంటాం."

అతను లేచాడు. "మీ కాలే ఇరిగినట్టు మాట్లాడుతున్రు మేడం," అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఎల్లమ్మ వచ్చింది. "వాళ్ల దిక్కుకెల్లి ఎవరన్న వచ్చిన్రా అక్కా?"

"లేదు ఎల్లమ్మా."

"రాకుంటె రాకపాయె. నువ్వున్నవ్ గద."

బాలయ్య రాజీపడితే కేసు పోతుందని భయపడ్డానా? చాలా ఏళ్లు అలాగే సర్ది చెప్పుకున్నాను. అది కూడా అబద్ధం. ప్రజా ప్రయోజన వ్యాజ్యం ఎవరైనా వేయవచ్చు, దెబ్బ తిన్నవాడే రానక్కరలేదు. ఆ ప్రశ్నకు పరీక్షలో ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకున్నాను. బాలయ్య లేకపోయినా కేసు నిలిచేది. కానీ విరిగిన కాలుతో ఒక మనిషి ముందుంటే కేసుకు బరువుంటుంది, జడ్జిగారు తలెత్తి చూస్తారు అనుకున్నాను. వాళ్ల తరఫున పనిచేస్తున్నానని చెప్పుకుంటూ, వాళ్లకొచ్చిన మాటను వాళ్లకు ఇవ్వలేదు. వచ్చిన మాటను చేరవేయడమే ఈ పనిలో మొట్టమొదటి నియమం.

22న కేసు వేశాం. లాయరమ్మ పక్కన నిలబడ్డాను. 26న బాలయ్య కాలు తీసేశారు. చీము పట్టిందన్నారు. ముందే ప్రైవేటులో చేయిస్తే దక్కేదా? తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

కోర్టు ఉత్తర్వుతో ఆ భవనాలకు వలలు కట్టారు. ఆ కథను ఏటా మా కేంద్రానికి వచ్చే కొత్త లా విద్యార్థులకు చెబుతుంటాను. వాళ్ల కళ్లు మెరుస్తాయి, నావీ మెరుస్తాయి. పోయిన నెలలో ఒకమ్మాయి లేచి, "అవతలివాళ్లు రాజీకి రాలేదా మేడం?" అని అడిగింది. లేదన్నాను. ఎల్లమ్మతో అన్న మాటే, అదే గొంతుతో. ఇంటికొచ్చి ఇది మొదలుపెట్టాను.

ఎల్లమ్మ ఇప్పుడు కోకాపేటలో ఒక అపార్టుమెంటు ఊడుస్తుంది. పండక్కి ఫోన్ చేసి, అక్కా, పానం మంచిగున్నదా అంటుంది. ఆమెకు చదవడం రాదు. అందుకే ఇది రాయగలుగుతున్నానేమో. ఆ అనుమానం కూడా ఇక్కడే పెడుతున్నాను. క్షమించమని అడగడానికి మీరు ఎల్లమ్మ కారు. అయినా చెప్పేశాక ఊపిరి ఆడుతోంది.

పోయినవి రాస్తాను. బాలయ్య కుడికాలు, మోకాలి కింద నుంచి. పద్నాలుగేళ్లు చేసిన తాపీ పని. వాచ్‌మన్ కొలువు, ఉండటానికి గది. ఔననో కాదనో ఎల్లమ్మ తన నోటితో చెప్పాల్సిన మాట.