గడ్డి మీద పరిచిన చీరలు

మా ఆయనకు ఏ వీడియో అయినా సగం నుంచి చూడటం అలవాటు. మొదట్లో అంతా సోదేనట. ఆ అలవాటు చివరికి మా అత్త బర్రెకు చుట్టుకుంది.

సూరత్ దగ్గర పల్సానాలో మా మగ్గాల షెడ్డు వెనక చిన్న జాగా, నిండా గినీ గడ్డి. దాన్ని మేసే బర్రె పాలు తగ్గించింది. వానాకాలం దాటేలోపు పెరగకపోతే అమ్మేస్తానని మా ఆయన తేల్చేశాడు. అత్త ప్రాణం గిలగిల్లాడింది. ఇన్నేళ్లున్నా ఆమెకు గుజరాతీ రాదు, హిందీ అంతంతే. పొద్దంతా మేము మగ్గాల చప్పుడులో ఉంటే, ఆమె మాటలు వినేది ఆ బర్రె ఒక్కటే.

"ఫికర్ చెయ్యకమ్మా. గడ్డిల బొబ్బర్లు చల్లుతా. ఆ తీగలు మేస్తే పాలే పాలు," అన్నాడు మా ఆయన ఒకరోజు ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పుడే కొత్త పాల క్యాను కొనుక్కొచ్చాడు.

జానెడెత్తు గడ్డి అలాగే ఉండగా గింజలు చల్లాడు. పైన యూరియా వేశాడు. పావురాలు దిగితే, డాగులు పడి వాపసొచ్చిన పాలిస్టర్ చీరలన్నీ తెచ్చి జాగా అంతా పరిచాడు. సూరత్ బుద్ధి మరి! ఏ రోగానికైనా చీరే మందు. తొక్కుతుందని బర్రెను దగ్గరికి కూడా రానివ్వలేదు.

వానలు పడ్డాయి. యూరియా తిన్న గడ్డి చీరలను నెత్తినెత్తుకుని లేచింది. ఎవరి పెళ్లని పక్క షెడ్డువాళ్లు అడిగారు. కింద బొబ్బర్ల మొలకలు వెలుతురు లేక పాలిపోయి నేలకంటుకున్నాయి.

"జాగనే మంచిది గాదు," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు! నాకు ఒళ్లు మండి ఆ వీడియో మొదటి నుంచి పెట్టాను. గడ్డిని నేలబారుగా కోసి, లేదా పశువులతో మేపించి, ఆ తర్వాతే గింజ చల్లాలని మొట్టమొదటే చెప్పారు.

"జర ముందుగాల చూస్తే నీ సొమ్మేం పోయె?" అన్నాను. వినపడనట్టు మగ్గం దగ్గరికి పోయాడు.

పాలు పెరగలేదని బర్రెను అమ్మేశాడు. దారిలో దానికి మేత కావాలని, జాగా మీది చీరలు లాగి పారేసి, గడ్డంతా మొదలంటా కోసి టెంపోలో వేశాడు. టెంపో కదిలేదాకా అత్త దాని నుదురు నిమురుతూనే ఉంది.

ఎండ తగిలేసరికి ఆ పాలిపోయిన మొలకలే పచ్చబడి తీగలు సాగాయి. మా ఆయన వీడియో తీసి చుట్టాలందరికీ పంపాడు. తల్లికీ చూపించబోయాడు.

"చూడమ్మా, నేను చెప్పలే?"

అత్త ఫోన్ వైపు చూడలేదు.

"మంచిగ మొలిచినయ్ కొడుకా. ఇగ నువ్వే మెయ్యి," అంది.