కుర్చీలో పెద్ద మగది

మా అమ్మమ్మ బస్సు దిగిన సంగతి మాకంటే ముందు వీధిలో పిల్లులకు తెలుస్తుంది. స్టాపు దగ్గర మొదలై మా మెట్ల దాకా తోకలు నిక్కబొడుచుకుని ఊరేగింపుగా వెంట వస్తాయి. ముప్పై ఏళ్లుగా జూలో చేపల విభాగంలో కీపరు పని ఆమెది. పొద్దున్నే సీల్ అనే నీటి జంతువుల కోసం చేపలు కోసి, బకెట్లకెత్తి, వాటికి తినిపించి, తొట్లు తోమి ఇంటికొస్తుంది. ఏ సబ్బుకూ లొంగని వాసన అది. ఆ వాసన రాకపోతే ఎవరో పరాయి మనిషి ఇంట్లో జొరబడిందని మా తాతయ్య తలెత్తి చూస్తాడు. ఆయన తలెత్తేది ఆ ఒక్కదానికే.

తాతయ్య ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. మనిషి అక్కర్లేని కొత్త లిఫ్టు వచ్చాక ఆయనకు దండ వేసి, చేతి గడియారం ఇచ్చి ఇంటికి పంపేశారు. అప్పట్నుంచీ టీవీ ముందు కుర్చీయే ఆయన లోకం. మేముండేది మూడో అంతస్తు, మా భవనానికి లిఫ్టు లేదు. బతుకంతా జనం చేత మెట్లెక్కించని మనిషికి తాను మెట్లు దిగడం నామోషీగా తోచిందో ఏమో, కిందికి పోవడమే మానేశాడు. ఏం అడిగినా "ఊఁ" అంటాడు. అది జవాబు కాదు. టీవీ మోతలో అదొక భాగం, అంతే.

ఇలా ఉండగా చేపల విభాగం అధికారి రిటైరవుతున్నాడని తెలిసింది. పెద్ద తొట్టి ఎదురుగా ఆయనకో అద్దాల గది, అందులో తిరిగే కుర్చీ ఉన్నాయి. ఆ కుర్చీలో కూర్చోవాలంటే జూలూ చేపలశాలలూ నడిపే చదువొకటి ఏడాది పాటు చదివి పాసవ్వాలని పైవాళ్లు కొత్తగా రూలు పెట్టారు. సాయంత్రం క్లాసులు, జూ క్యాంటీను పైన హాల్లో. టికెట్ల కౌంటరు చూసే టై బాబు అప్పటికే చేరిపోయాడు. నీళ్ల బకెట్టు పట్టుకున్నా టై విప్పడని అమ్మమ్మే ఆయనకు ఆ పేరు పెట్టింది. మర్నాడే తనూ వెళ్లి చేరింది.

"ఈ వయసులో పుస్తకాలెందుకు అమ్మమ్మా? నాకే ఎక్కలేదు," అన్నాను.

"ముప్పై ఏళ్లు నిలబడ్డానే. ఇక కూర్చుంటా. అదీ గుండ్రంగా తిరిగే దాంట్లో."

పుస్తకాలు నాకు ఎక్కని మాట నిజమే. పదో తరగతి రెండుసార్లు తప్పాక, మూడోసారి బడి మీదే జాలేసి మానేశాను. అలాంటి నేను అమ్మమ్మకు పంతులమ్మనయ్యాను. ఆమె కూరలు తరుగుతుంటే పక్కన కూర్చుని పాఠాలు పైకి చదివేదాన్ని. సిబ్బందికి పనులు పంచడమెలాగో చదివిన రోజు ఫ్రిజ్ తలుపు మీద డ్యూటీల కాగితం అంటుకుంది. స్నానాల గది "తొట్టి శుభ్రం" అనే పేరుతో నా వాటాకొచ్చింది. జంతువు తప్పించుకుంటే ఏం చేయాలో చదివిన రోజు ఇంట్లోనే రిహార్సల్ పెట్టింది. నేను దారి మూయాలి, ఆమె వల పట్టాలి, తాతయ్య తప్పించుకోవాలి. వల అంటే దుప్పటే. తాతయ్య "ఊఁ" అని కుర్చీలోనే ఉండిపోయాడు. జంతువు అదుపులోనే ఉంది కాబట్టి రిహార్సల్ జయప్రదమని తేల్చేసింది.

సగం మార్కులు మాత్రం ఒకే ఒక్క పనికి. ఒక జంతువును నెల రోజులు గమనించి, అది చేసింది చేసినట్టు రాసి, దానికి విసుగు పుట్టిందా లేదా తేల్చాలి. పుట్టి ఉంటే ఆ విసుగు పోగొట్టే ఉపాయం చేసి ఫలితం చూపించాలి. సీల్‌లను టై బాబు ముందుగానే తన పేర రాయించేసుకున్నాడు. మిగతా తొట్ల దగ్గర తీరిగ్గా నిలబడి చూద్దామంటే అమ్మమ్మ చేతులెప్పుడూ బకెట్లోనే ఉంటాయి. తీరిక దొరికేది ఇంటికొచ్చాకే. ఓ సాయంత్రం చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో ఆగి, కుర్చీ వైపు చాలాసేపు చూసింది. తొట్టిలోకి కొత్త చేప వచ్చినప్పుడు చూసే చూపు అది.

"ఏవండీ, ఓ నెల మిమ్మల్ని గమనించి రాసుకుంటాను. పర్లేదు కదా?"

"ఊఁ," అన్నాడు తాతయ్య.

జంతువుకు ముద్దుపేర్లు పెట్టకూడదనీ, ప్రేమ కనపడేలా రాయకూడదనీ పుస్తకంలో గట్టిగా చెప్పారు. అందుకని అమ్మమ్మ చెబుతుంటే నేను రెండు వేళ్లతో ఇలా టైపు చేశాను: పెద్ద మగది, వయసు అరవై ఎనిమిది. పొద్దున ఎండ పడే వైపు జరుగుతుంది. పిలిస్తే తల తిప్పదు. బిస్కెట్ల డబ్బా మూత చప్పుడైతే మెడ ముందుకు చాస్తుంది. తిన్నాక కళ్లు మూసుకుంటుంది. తోడుకి ఒక ఆడది ఉంది, పగలంతా దగ్గర ఉండదు.

"జాతి దగ్గర ఏం కొట్టను?" అని అడిగాను.

అమ్మమ్మ కాసేపు గడ్డం గోక్కుంది. "ఖాళీగా ఉంచు. అబద్ధం రాయకూడదు, నిజం రాస్తే ఊరుకోరు."

విసుగు పోగొట్టే ఉపాయం ఏమిటంటే తిండి వెతుక్కునేలా చేయడం. బిస్కెట్లు ఒక్కో పూట ఒక్కో చోట దాచింది. బూట్లలో, దిండు గలీబులో, గడియారం వెనకాల. టీవీ రిమోటును అట్టపెట్టెలో పెట్టి పైన తాడుతో ముడులు వేసింది. తాతయ్య కుర్చీలోంచి లేవలేదు. కన్నుగీటి నన్ను పిలిచేవాడు. నేను వెతికి తెచ్చి, ముడులు విప్పి, సగం బిస్కెట్లు కూలీగా పుచ్చుకునేదాన్ని. ఫలితాల దగ్గర అమ్మమ్మ "జంతువు పనిముట్టు వాడటం నేర్చుకుంది" అని రాయించింది. ఆ పనిముట్టు నేనే.

కాగితాలు పంపాక ఓ మధ్యాహ్నం ఫోను మోగింది. టీవీ పక్కనే ఉంటుంది కాబట్టి తాతయ్యే ఎత్తాడు. అవతల పరీక్షకుడు, చాలాకాలం తాబేళ్లను సాకిన పెద్దమనిషి. ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది. అమ్మమ్మ రాసినదంతా చదివాడట, జాతి రాయకపోయినా తాబేలని పోల్చుకున్నాడట, మనసు పాడైందట. ఇన్నేళ్లలో ఎన్నో పెద్ద తాబేళ్లను చూశాడు గానీ, ఇంతగా చతికిలబడిపోయిన దాన్ని చూడలేదట. తిండి తింటోందా అని అడిగాడు.

అమ్మమ్మ పనికెళ్లిందనీ, జూ సంగతులు తనకు తెలియవనీ తాతయ్య చెప్పాడు. కానీ ఆయనకూ జాలేసినట్టుంది.

"బాగా ముసలిదా అండీ?"

"అరవై ఎనిమిది."

"అయ్యో, నా ఈడే. తోడు లేదా పాపం?"

"ఒకటి ఉందట. పగలు దగ్గరుండదట."

"ఇంకేం, అందుకే అయ్యుంటుంది," అన్నాడు తాతయ్య.

ఇద్దరూ కాసేపు ఆ తాబేలు కోసం బాధపడ్డారు. ఆ తర్వాత పరీక్షకుడు, దాన్ని ఇంట్లోనే ఉంచారు కదా, ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. తాతయ్య ఫోను పెట్టేసి టీవీ కట్టేశాడు. పగటిపూట మా ఇంట్లో టీవీ ఆగడం అదే మొదటిసారి.

"మనింట్లో తాబేలుందా?" అని నన్నడిగాడు.

నేను దిండులో మొహం దాచుకున్నాను. నా నవ్వుకు దిండు ఊగుతుంటే ఎవరికి అర్థం కాదు? ఆయన తాడు ముడుల పెట్టె వైపు చూశాడు. బూట్లలోంచి తొంగిచూస్తున్న బిస్కెట్టు వైపు చూశాడు. ఈసారి "ఊఁ" అనలేదు.

అమ్మమ్మ రాగానే నిలదీశాడు. "నేను తాబేలునా?"

"తాబేలని నేనెక్కడ రాశానండీ? ఖాళీగా ఉంచాను."

"నన్నో మాట అడగొద్దా?"

"అడిగాను. ఊఁ అన్నారు."

దాంతో ఆయన కోపం ఇంకా పెరిగింది. ఆదివారం తాను ఇంట్లో ఉండననీ, మెట్లు దిగైనా సరే వెళ్లిపోతాననీ, వచ్చినాయన ఖాళీ కుర్చీ చూసి పోతాడనీ ప్రకటించాడు. అంటే చూపించడానికి జంతువు ఉండదు, సగం మార్కులు గాల్లో కలుస్తాయి, తిరిగే కుర్చీలో టై బాబు గిర్రున తిరుగుతాడు. అమ్మమ్మ బతిమాలుతుందనుకున్నాను. "వెళ్తానంటే వెళ్లండి. తలుపు తీసే ఉంటుంది," అని చేతులు కడుక్కోవడానికి పోయింది. కానీ ఆ పూట చేతులు కడగడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం పొద్దున్నే తాతయ్య బూట్లు వేసుకున్నాడు. వేసుకుని కుర్చీలోనే కూర్చున్నాడు. వెళ్లే ధైర్యం చాల్లేదో, ఉండే మనసుందో నాకు తెలియదు. అంతలో బెల్లు మోగింది.

పరీక్షకుడు మెడ ముందుకు సాగిన, నింపాదిగా నడిచే మనిషి. ఎవర్ని చూసి నేర్చుకున్నాడో అడగక్కర్లేదు. చేతిలో లేత ఆకుకూర సంచీ. "లంచం కాదమ్మా, దానికి," అని అమ్మమ్మకిచ్చి, మా నేలంతా పరికించి చూశాడు. బల్ల కిందికి కూడా వంగి చూశాడు.

"ఏదమ్మా?"

అమ్మమ్మ కుర్చీ వైపు చెయ్యి చూపించింది. ఆయన తాతయ్యను చూశాడు, చేతిలో కాగితాలు చూశాడు, మళ్లీ తాతయ్యను చూశాడు. ఎండ సరిగ్గా కుర్చీ మీదే పడుతోంది.

"జాతి రాయకపోవడం తప్పేనండీ," అంది అమ్మమ్మ చిన్న గొంతుతో. "మిగతాదంతా చూసింది చూసినట్టే రాశాను."

ఆయన స్టూలు లాక్కుని కూలబడ్డాడు. రూలు ప్రకారం తాను ఫెయిల్ చేయాలని చెప్పాడు. అయినా అలవాటు చొప్పున కాగితాలు తిరగేస్తూ, ఇంకోటి కూడా రాయలేదే అన్నాడు. "ఇక్కడికి రాకముందు ఇది ఎక్కడుండేది?"

వేలెడంత చేప వచ్చినా, అది ఏ తొట్టిలోంచి వచ్చిందో, ఆ తొట్టి ఎంతుండేదో, వెలుతురెటు నుంచి పడేదో అడగనిదే దించుకోని మనిషి అమ్మమ్మ. తాతయ్య విషయంలో ఆ ప్రశ్నే ఆమెకు తోచలేదు.

"లిఫ్టులో," అన్నాడు తాతయ్య.

"ఎంతుండేదండీ?"

తాతయ్య రెండు మోచేతులూ చాపి చూపించాడు. "ఇంత. ముందు మడత తలుపు, లోపల నా స్టూలు. ఎవరో ఒకరు వచ్చేవాళ్లు, ఎక్కడికెళ్లాలో చెప్పేవాళ్లు, నేను తీసుకెళ్లేవాణ్ని. ఇక్కడ నన్నెవరూ ఎక్కడికీ తీసుకెళ్లమనరు. బిస్కెట్లు మాత్రం దాచిపెడతారు."

రిటైరయ్యాక ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం అదే. అమ్మమ్మ ఆకుకూర సంచీ మూతిని మెలిపెడుతూ నిలబడింది.

పరీక్షకుడు తన దగ్గరి ఓ తాబేలు సంగతి చెప్పాడు. ఇరుకు పెట్టెలోంచి దాన్ని పెద్ద పెరట్లోకి మార్చి మేలు చేశామనుకుంటే, అది పెరటి నడిమధ్య రాయిలా కూర్చుందట. పాత పెట్టె తెచ్చి మూలన పెడితే ముందు అందులో దూరిందట, ఆ తర్వాతే పెరడంతా తిరగడం మొదలెట్టిందట. అమ్మమ్మ వేసిన పథకం పూర్తిగా తప్పని మొహం మీదే చెప్పాడు. రెండు వారాలు గడువిస్తాను, మళ్లీ చేయి, జంతువు కదిలితే పైవాళ్లను నేను ఒప్పిస్తాను, కదలకపోతే నన్నడక్కు అన్నాడు. పోతూ పోతూ కుర్చీ ముందు ఆగి, "ఆకులు తినండి, మంచివి," అని చెప్పి వెళ్లాడు.

మా వంటింటి పక్కన సామాన్ల గది ఉంది. గది అనడం మర్యాద కోసమే, నిలువెత్తు బీరువా లాంటిది. దాన్నిండా అమ్మమ్మ జూ సరుకే. చిరిగిన రబ్బరు బూట్లు, పిడి ఊడిన బకెట్లు, చచ్చిపోయిన ఓ ముసలి సీల్ కొరికి ఆడుకున్న బంతి. ఒక్కటీ పారేయనిచ్చేది కాదు. ఆ సాయంత్రం అన్నీ తనే బయటపడేసింది. బంతి దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని మాత్రం నా చేతిలో పెట్టింది. నేను పాత సామాన్ల కొట్లోంచి మడత తలుపొకటి పట్టుకొచ్చి ఆ గదికి బిగించాను. తుప్పు పట్టి కీచుమంది. తాతయ్య చెవులు మూసుకున్నాడు. లిఫ్టు తలుపు అలా అరవడం ఆయన సర్వీసులో లేదట. ఇంకెవర్నీ పంపకుండా, అవే బూట్లతో, మూడంతస్తులూ దిగి నూనె కొనుక్కొచ్చాడు.

నేను పరుగున పోయి టైపు చేశాను: జంతువు కదిలింది.

స్టూలు వేసుకుని మొదటి రెండు రోజులు ఆయన ఆ గదిలోనే ఉన్నాడు. మూడో రోజు నుంచి కిందికి దిగి, ఎదురింటి వాచ్‌మన్‌తో లిఫ్టుల గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన్ని ఇంట్లో పట్టుకోవాలంటే నిజంగానే వల కావాలి.

అమ్మమ్మ పాసయ్యింది, కుర్చీ దక్కింది. టై బాబు రాతపని కూడా బాగుందనే అన్నారు. కాకపోతే ఫలితం చూపించాల్సిన రోజున సీల్‌లు ఆయన టైని చేపనుకున్నాయి. తిరిగే కుర్చీలో మొదటి రోజే అమ్మమ్మకు కళ్లు తిరిగాయట. ఇప్పుడు దాని పక్కనే నిలబడి సంతకాలు పెడుతోంది. చేపలు కోయడం మాత్రం మానలేదు, పిల్లులకు ఏ లోటూ రాలేదు.

నిన్న సాయంత్రం పని నుంచి వస్తూనే సంచీ కింద పెట్టి, తిన్నగా ఆ బీరువా గదిలోకి దూరి మడత తలుపు లాక్కుంది. లోపల తాతయ్య గొంతు వినబడింది.

"ఎన్నో అంతస్తు, మేడమ్?"

"ఎక్కడా ఆపకండి."

ఇద్దరు పట్టే చోటు కాదది, మోకాళ్లు ఎక్కడ పెట్టుకున్నారో దేవుడికే తెలియాలి. నేను చాలాసేపు మర్యాదగా ఊరుకున్నాను. ఆ పైన ఊరుకోవడం నా వల్ల కాలేదు. గుమ్మం దగ్గర నిలబడి బిస్కెట్ల డబ్బా మూత తీశాను.

మడత తలుపు జానెడు తెరుచుకుంది. రెండు మెడలు బయటికొచ్చాయి.