నలభై సెకన్లలో నేను తెచ్చిన కలర్ టీవీ

నోరు జారి పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందినే చూసి ఉంటారు. వాళ్లకు ఒక సుఖం ఉంటుంది, విన్నది నలుగురో ఐదుగురో. నేను పోగొట్టుకున్నది రేడియోలో. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ వినపడేటట్టు, వెనక ఫ్లూటు వాయిద్యంతో సహా. మొత్తం నలభై సెకన్లు పట్టింది. ఎట్లా జరిగిందో చెప్తాను, నవ్వొస్తే మొహమాటపడకండి.

కొత్తకోట దగ్గర హైవే దిగి లోపలికి పోతే మా ఊరు. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు అక్కడ ఒక చిన్న కమ్యూనిటీ రేడియో పెట్టారు. పాత పశువుల దవాఖాన గదే స్టూడియో. బయటి చప్పుడు రాకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు. ఆ అట్టల మధ్య కూర్చుని పొద్దున పూట మాట్లాడేది నేను, కురుమూర్తిని. డిగ్రీ అప్పుడే అయిపోయింది. నా గొంతు వింటే బర్రెలు కూడా ఒక చెంబు ఎక్కువ పాలిస్తాయని నాకు గట్టి నమ్మకం.

రోజూ ఏడున్నరకు ‘ఈ రోజు ముచ్చట’ అని ఒకటి ఉండేది. రేడియో, టీవీ, పాటల చరిత్రలో ఆ తారీఖున ఏం జరిగిందో చెప్పాలి. ఫలానా దేశంలో మొదటి రేడియో కేంద్రం మొదలైన రోజు, ఫలానా గాయకుడి మొదటి రికార్డు బయటికి వచ్చిన రోజు, ఇట్లాంటివి. ఫోన్లో వెతికి తెలుగు చేసుకుని, అదంతా నా కళ్ల ముందే జరిగినంత దర్జాగా చదివేవాణ్ని.

ఒకరోజు మా స్టేషన్ ఇన్‌చార్జి సరోజ మేడం పట్టుకుంది.

“కురుమూర్తి, ఎప్పుడు సూడు లండన్ల గదైంది, అమెరికాల గిదైంది. మనూర్ల ఏం గాలేదా? రేపు మనూరి ముచ్చట చెప్పాలె.”

“మనూరి చరిత్ర నెట్ల ఉండది మేడం.”

“నెట్ల లేకుంటె మనుషుల్ని అడుగు.”

మనుషుల్ని అడగాలంటే ఎండలో తిరగాలి. నేనేమో కళాకారుణ్ని. మిర్చి బజ్జీలు తిని పడుకున్నాను.

తెల్లారి ఏడూ ఇరవై ఎనిమిదికి మైకు ముందు కూర్చునేసరికి చేతిలో తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. మేడం అద్దం అవతల నుంచి వేలు చూపించింది. ఫ్లూటు మొదలైంది. నా నోరు కూడా మొదలైంది.

“శ్రోతలారా! సరిగ్గా ముప్పై ఏళ్ల కిందట ఇదే రోజు మన ఊరికి మొట్టమొదటి కలర్ టీవీ వచ్చింది. పెద్దింటి వారు ఎడ్లబండి మీద ఊరేగింపుగా తెచ్చారు. గడపలో కొబ్బరికాయ కొట్టి, టీవీకి కుంకుమబొట్టు పెట్టి...”

పెద్దిల్లే ఎందుకంటారా? అది ఊళ్లో అందరికంటే ఉన్నవాళ్లది. ఊరికి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు ఆ పెద్ద గేటులోకే పోయి ఉంటుందని అనుకున్నాను. అంతకంటే ఆలోచించలేదు. తారీఖు నాది, టీవీ నాది, బండి నాది, ఎడ్లు కూడా నావే.

పాట పెట్టానో లేదో ఫోను మోగింది. దొరికిపోయాననుకుంటూ ఎత్తాను.

“తమ్మీ, అన్నీ మంచిగనే చెప్పినవు గని ఎడ్లబండి గాదు, ట్రాక్టరు. నేను ఎనక గూసున్న.”

ఇంకో ఫోను. “కొబ్బరికాయ కొట్టింది మా తాత. ఆయన పేరెందుకు చెప్పలే?”

ఇంకో అవ్వ అయితే ఆ రోజు టీవీ చూస్తూ గోడ మీది నుంచి పడ్డానని, మోచేతికి మచ్చ ఇప్పటికీ ఉందని చెప్పింది. నేను పుట్టించిన రోజుకు సాక్షులు పుట్టుకొస్తూనే ఉన్నారు. పది ఫోన్లు ఎత్తేసరికి నాక్కూడా అది నిజమేనేమో అనిపించింది.

మధ్యాహ్నానికి పెద్దింటి జనార్దనన్న మైసూర్‌పాక్ డబ్బాతో దిగాడు. నలభై దాటిన మనిషి, తెల్లటి ఖద్దరు వేసుకుంటాడు, పంచాయితీ ఎన్నికల మీద కన్ను.

“తమ్మీ, మా ఇంటి గొప్ప మాకే ఎర్కలేకపాయె. నువ్వు తవ్వి తీసినవు. గీ ఆదివారం బడి గ్రౌండ్ల సభ పెడ్తున్న. నువ్వే మైకు పట్టాలె.”

“అన్నా, మీకు ఆ రోజు గుర్తున్నదా?” భయంభయంగా అడిగాను.

“గుర్తుండకేంది? నిన్న మొన్న ఐనట్లున్నది.”

రెండో రోజుకే ఫ్లెక్సీ కట్టారు. జనార్దనన్న నిలువెత్తు ఫోటో, చేతులు జోడించి. ఒక మూలకు టీవీ బొమ్మ, అది కూడా గోడకు తగిలించే కొత్త రకం. అడుగున చిన్న చిన్న తలకాయలు. వాటిలో పదకొండోది నాది. నాకు సిగ్గేయలేదు. వెళ్లి దాని ముందు సెల్ఫీ దిగాను.

శనివారం పొద్దున ఖాజా చాచా స్టూడియోకి వచ్చాడు. మా ఊళ్లో రేడియో, టీవీ ఏది చెడిపోయినా ఆయన దగ్గరికే పోవాలి.

“బేటా, గీ ఊర్ల మొదటి కలర్ టీవీకి యాంటెనా బిగించిందెవరు?”

“మీరే అయ్యుంటరు చాచా.”

“నేనే. గని పెద్దింట్ల గాదు. చర్చి వాడల, సుగుణమ్మ టీచరింట్ల. జీతం పైసలతోని తెచ్చుకున్నది. పెద్దింటికి టీవీ వచ్చింది ఆర్నెల్లకు. అది గూడ నేనే పెట్టిన.”

“మరి మీరెందుకు చెప్పలే?”

“నువ్వు రేడియోల చెప్తివి. రేడియోల చెప్పినంక నాకే డౌటొచ్చె.” “నిన్న టీచరింటికి మిక్సీ బాగుచేయనీకి పోయిన. రోజు పొద్దుగాల నీ ముచ్చట వింటది గదా. నువ్వు అది చెప్పిన రోజు బంద్ చేసిందంట. మళ్ల పెట్టలేదు.”

సుగుణమ్మ టీచర్ నాకు మూడో తరగతి చెప్పింది. ‘శ’, ‘ష’, ‘స’ వేరువేరుగా పలకడం నాకు నేర్పింది ఆమే. అంటే ఏ గొంతు చూసుకుని నేను ఎగిరిపడుతున్నానో అది ఆమె పెట్టిన భిక్ష. అట్లాంటిది ఆమె ఇంటి టీవీని ఎత్తుకుపోయి వేరేవాళ్లింట్లో పెట్టాను. అప్పుడు మాత్రం నిజంగా సిగ్గేసింది.

వెంటనే పోయాను. టీచర్ అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతోంది.

“రా కురుమూర్తి. చాయ్ తాగుతవా?”

“టీచర్, తప్పయింది. నాకు తెల్వక కల్పించి చెప్పిన.”

“నాకెర్కనే. హోంవర్కు రాయకుంటనే రాసిన అనేటోనివి.” చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. “నాకు సన్మానం వద్దు బిడ్డా. గని మా ఆయన పోయి నాలుగేండ్లాయె. చిన్నప్పుడు ఆయన పెద్దింటి గోడ బయట నిలవడి వాళ్ల రేడియో విన్నడు. గందుకే మా ఇంటికి టీవీ రాంగనే దాని మూతి బజారు కిటికి దిక్కు తిప్పిండు. ‘లోపల మనం నలుగురమే, బయట ఊరున్నది’ అన్నడు. మా టీవీ మేం సూడాలన్నా బజార్లకు పోయి గూసునేటోళ్లం. ఆయన చేసిన ఒక్క మంచిపని నువ్వు వేరేటోళ్లకు రాసిస్తివి.”

నేను చాయ్ తాగలేకపోయాను.

ఆదివారం గ్రౌండు నిండిపోయింది. జనార్దనన్న కొత్త బట్టల్లో స్టేజీ మీద మెరిసిపోతున్నాడు. ఒక మూలకు, చాచా బలవంతం మీద వచ్చిన టీచర్ కూర్చుంది. నేను మైకు పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

“అందరు నన్ను మాఫ్ చెయ్యాలె. ఆ తారీఖు నేను కల్పించిన. టీవీ పెద్దింటికి ముందు రాలేదు.”

జనం జోకనుకుని విరగబడి నవ్వారు. ముందు వరసలో ఒక ముసలాయన లేచాడు.

“అరే, అప్పటికి నువ్వు పుట్టనే లేదు. నీకేమెర్క?”

“నాకెర్కలేదనే అంటున్న తాతా!”

“ఎర్కలేనోనివి కూసోరాదు మరి!”

చప్పట్లు. ప్రపంచంలో అబద్ధం చెప్పి తన్నులు తిన్నవాళ్లున్నారు. నిజం ఒప్పుకుంటుంటే కూర్చోబెట్టింది నన్నొక్కణ్నే అనుకుంటాను.

అప్పుడు ఖాజా చాచా మెల్లగా స్టేజీ ఎక్కి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

“మొదటి దినం టీవీ సూసినోళ్లు చేతులు లేపుండ్రి.”

సగం గ్రౌండు చేతులు లేపింది.

“యాడ కూసోని సూసిండ్రు?”

“బజార్ల!” అందరూ ఒక్కటే గొంతు.

“బజార్ల కూసుంటె టీవీ ఎట్ల కనవడ్డది?”

“కిటికిలకెళ్లి!”

“మంచిది. పెద్దింటికి బజారు దిక్కు కిటికి ఎక్కడున్నది?”

పెద్దింటికి బజారు వైపు, అంటే వీధి వైపు ఉన్నది నిలువున్నర గోడ. ఊరు ఊరంతా ఆ గోడను మనసులో ఒకసారి చూసుకుంది. ఒక్కో చెయ్యి కిందికి దిగింది. తర్వాత ఒక్కో తలకాయ టీచర్ వైపు తిరిగింది.

అందరూ జనార్దనన్న మొహం చూస్తున్నారు. కొడతాడేమోనని నేను చాచా వెనక్కి జరిగాను. ఆయన ముందుకొచ్చి చాచాను మైకు అడిగి తీసుకున్నాడు.

“నేను గూడ టీచరింటి టీవీనే సూసిన. మా నాయిన తిడ్తడని ఆ బజార్ల నల్లా కాడ బిందె పెట్టి నిలవడేటోన్ని. బిందె నిండి పొంగినా సూసుకోకపోయేది.” తన కోసం తెప్పించుకున్న శాలువా విప్పుకుంటూ కిందికి దిగి, టీచర్‌కు కప్పాడు.

ఆ చప్పట్లు మామూలువి కావు. టీచర్ కళ్లు తుడుచుకుంది. “దీన్ని మా ఆయన ఫోటోకు కప్పుత” అంది. నాకు కూడా ఏడుపొచ్చింది. సంతోషంగా ముగిసిందనుకుని స్టేజీ అంచున కూర్చుని ముక్కు తుడుచుకుంటున్నాను, అంతలో ఆమె గొంతు మారింది.

“కురుమూర్తి! నిలవడు.”

లేచాను. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

“తప్పు చేసినోనికేంది?”

“ఇంపోజిషన్, టీచర్.”

“రేపు పొద్దుగాల ఏడున్నరకు. నీ రేడియోలనే. పదిసార్లు.”

సోమవారం ఏడున్నర. సరోజ మేడం ఫ్లూటు పెట్టలేదు, శిక్షకు మ్యూజిక్ ఎందుకని. నేను వేళ్లు లెక్కపెట్టుకుంటూ, టీచర్ రాసిచ్చిన వాక్యాన్ని శ్రోతలందరి సాక్షిగా చదివాను. చదివి, బతికానురా దేవుడా అని మైకు కట్టేయబోతుంటే ఫోను మోగింది.

“కురుమూర్తి, తొమ్మిదే అయినయి.”

“పది చదివిన టీచర్!”

“గీతలు పెట్టుకుంట విన్న. తొమ్మిది.”

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. మా మాటలు ఊళ్లన్నీ విన్నాయి. అయితేనేం, టీచర్ మళ్లీ రేడియో పెట్టింది. నాకు అంత సంతోషంగా ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు. పదోది గట్టిగా చెప్పాను. నా లెక్క మీద మీకూ నమ్మకం ఉండదు కాబట్టి పదకొండోది ఇక్కడ, కుడిచెయ్యి చాచి, మీ అందరి ముందు చెప్తున్నాను: నాకు తెలియనిది తెలియదంటాను, తెలిసినవాళ్లను అడిగి చెప్తాను.